అపెలిన్ పరీక్ష చేయించాలా? బీఎన్‌పీ అంకెను ఎలా చదవాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హార్ట్ ఫెయిల్యూర్‌లో, అంటే గుండె ఒంటికి కావాల్సినంత రక్తం అందించలేని జబ్బులో, చేసే రక్తపరీక్షల గురించే. బీఎన్‌పీ, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అంటే గుండెమీద ఒత్తిడి పెరిగినప్పుడు అది రక్తంలోకి వదిలే పెప్టైడులు, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక జవాబుగా ఇస్తున్నాం. ఇద్దరు లేబరేటరీ వాళ్లు అడిగిన ప్రశ్నలకు కాస్త ఎక్కువ చోటు ఇచ్చాం. రోగి చేతికొచ్చే అంకె మంచిచెడ్డలు చాలావరకు అక్కడే తేలిపోతాయి కాబట్టి ఆ జవాబులు రోగుల ఇంటివాళ్లు కూడా చదవాలి.

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు. రెండేళ్లుగా హార్ట్ ఫెయిల్యూర్. గుండె పంపింగ్ 30 శాతం అన్నారు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 4,200 వచ్చింది. అపెలిన్ అనే పెప్టైడు గుండెకు బలమిస్తుందనీ, ఈ జబ్బులో అది రక్తంలో తగ్గిపోతుందనీ చదివాను. ఆ పరీక్ష కూడా చేయించమంటారా?

జవాబు: వద్దు. మీరు చదివింది పూర్తిగా తప్పు కాదు. కానీ ఆ పరీక్ష ఫలితం చూసి నాన్నగారి మందుల్లో ఒక్క మాత్ర కూడా మార్చే పరిస్థితి ఇవాళ లేదు.

అపెలిన్ సంగతి ఇది. 1993లో ఏపీజే అనే రిసెప్టరు (కణం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) బయటపడింది. రక్తపోటు పెంచే యాంజియోటెన్సిన్ రిసెప్టరుతో దానికి పోలికలున్నాయి, కానీ యాంజియోటెన్సిన్ దానికి అతుక్కోదు. దేనికి అతుక్కుంటుందో తెలియక అయిదేళ్లు అది అనాథ రిసెప్టరుగానే మిగిలింది. 1998లో జపాన్ పరిశోధకులు ఆవు పొట్ట కణజాలం నుంచి దాని జోడీని వెలికితీశారు. ఏపీజేకి చెందిన పెప్టైడు కాబట్టి అపెలిన్ అన్నారు. మన ఒంట్లో ఇది 77 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారై, తెగి చిన్న ముక్కలవుతుంది. 36, 17, 13 అమైనో ఆమ్లాల ముక్కలే పనిచేసేవి. గుండె, రక్తనాళాల లోపలి పొర, కొవ్వు కణజాలం, అన్నీ దీన్ని తయారుచేస్తాయి.

2002లో ఎలుక గుండెను బయటికి తీసి, ద్రావణం ప్రవహింపజేస్తూ కొట్టుకునేలా ఉంచి అపెలిన్ ఇచ్చి చూశారు. చాలా తక్కువ మోతాదుకే గుండె గట్టిగా ముడుచుకుంది. అడ్రినలిన్ తరహా మందులు గుండెను పరుగు పెట్టించి బలం తెప్పిస్తాయి, దానికి ఆక్సిజన్ ఖర్చు ఎక్కువ. అపెలిన్ వేరే దారిలో, నెమ్మదిగా, కణంలోకి వచ్చిపోయే సోడియం, కాల్షియం లెక్కను మార్చి పనిచేస్తుంది. అదే సమయంలో నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా రక్తనాళాలను వదులు చేస్తుంది. పంపుకు బలం పెరగడం, పంపు ఎదుటి ఒత్తిడి తగ్గడం రెండూ ఒకేసారి జరుగుతాయన్నమాట. హార్ట్ ఫెయిల్యూర్ మీద పనిచేసేవాళ్లు దీనిమీద ఇంత ఆశ పెట్టుకోవడానికి కారణం అదే. అపెలిన్ జన్యువు లేకుండా చేసిన ఎలుకలు వయసు మీరేకొద్దీ గుండె పట్టు కోల్పోయాయి. గుండెమీద ఒత్తిడి పెడితే ఇంకా త్వరగా కోల్పోయాయి.

మరి రోగుల రక్తంలో దీని స్థాయి? ఇక్కడే చిక్కంతా. 2003 నుంచి వచ్చిన నివేదికల్లో కొన్ని, జబ్బు తొలిదశలో అపెలిన్ పెరిగి, ముదిరాక పడిపోతుందని చూపాయి. కొన్నింటిలో మొదటినుంచీ తక్కువే. కొన్నింటిలో ఆరోగ్యవంతులకూ రోగులకూ పెద్ద తేడా లేదు. జబ్బు ముదిరిన గుండెకు సాయంగా యాంత్రిక పంపు అమర్చాక, బరువు దిగిన గుండె కండరంలో అపెలిన్ మళ్లీ పెరిగిందని కూడా తేలింది. అంటే గుండె నలిగిపోయినప్పుడు ఈ ఆసరా సన్నగిల్లుతుంది, బరువు దిగితే తేరుకుంటుంది అన్న మాటకు ఆధారం ఉంది. కానీ తొలిదశలో ఎక్కి తర్వాత దిగే అంకె అయితే, నడిమి అంకె ఒకటి చేతికొచ్చినప్పుడు అది ఎక్కేదారిలో ఉందో దిగేదారిలో ఉందో ఎలా చెబుతాం? దీనికితోడు కొవ్వు కణజాలం కూడా అపెలిన్‌ను వదులుతుంది కాబట్టి లావుపాటివాళ్లలో అది ఎక్కువగా కనిపించవచ్చు. కర్ణికలు అస్తవ్యస్తంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో తక్కువగా కనిపించింది. ఆయాసంతో ఆస్పత్రికి వచ్చినవాళ్లలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆయాసం గుండెవల్లా కాదా అని తేల్చడంలో అపెలిన్ అక్కరకు రాలేదు.

మీ చేతిలో ఉన్న ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అలా కాదు. గుండె గోడ సాగినప్పుడు, లోపల ఒత్తిడి పెరిగినప్పుడు అది రక్తంలోకి వస్తుంది. ఒత్తిడి ఎంత పెరిగితే అంత ఎక్కువ. అపెలిన్ ఆసరా ఇచ్చే పెప్టైడు, ఇది మొర చెప్పే పెప్టైడు. 4,200 అనేది గట్టి మొరే. మీ డాక్టరు గారిని అడగాల్సింది అపెలిన్ గురించి కాదు. ఈ జబ్బులో ఆయుష్షు పెంచే నాలుగు రకాల మందులున్నాయి: సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ లేదా దానికి బదులు ఏసీఈ ఇన్హిబిటర్ (పేరు చివర 'ప్రిల్' ఉండే) తరహా మందు, బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్ తరగతి మందు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి ఎస్‌జీఎల్‌టీ2 మందు. ఈ నాలుగూ నాన్నగారికి అందుతున్నాయా, మోతాదు ఆయన తట్టుకోగలిగినంత దాకా పెంచారా, పెంచకపోతే అడ్డేమిటి? బీపీయా, పొటాషియమా, కిడ్నీయా? ఆ జవాబు రాసిపెట్టుకోండి.

ప్రశ్న: తగ్గిందని తెలిసినప్పుడు అపెలిన్‌నే మందుగా ఎక్కించవచ్చు కదా? ఇంటర్నెట్‌లో పెప్టైడు సీసాలు అమ్ముతున్నారు కూడా.

జవాబు: ఎక్కించి చూశారు, పరిశోధనగా, పక్కనే మానిటర్లు పెట్టుకుని. 2010లో వచ్చిన ఫలితాల్లో, హార్ట్ ఫెయిల్యూర్ రోగుల సిరలోకి అపెలిన్ ఎక్కించినప్పుడు గుండె నిమిషానికి పంపే రక్తం పెరిగింది, రక్తనాళాల నిరోధం, బీపీ తగ్గాయి. తర్వాత ఆరు గంటలపాటు ఎక్కించి చూసినా ఆ లాభం నిలిచింది. ఇంతవరకు బాగుంది.

కష్టం ఏమిటంటే రక్తంలో అది కొన్ని నిమిషాలకు మించి నిలవదు. ఏసీఈ2 అనే ఎంజైము దాని చివరనున్న ఫినైల్‌అలనిన్‌ను కత్తిరిస్తుంది. నెప్రిలైసిన్ అనే మరో ఎంజైము మధ్యలో కోసి పూర్తిగా పనికిరాకుండా చేస్తుంది. కాబట్టి ఒకసారి సూది వేస్తే లాభం లేదు, ధారగా ఎక్కుతూనే ఉండాలి. ధారగా ఎక్కితే బీపీ పడిపోయే ప్రమాదం పొంచి ఉంటుంది. హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో చాలామంది బీపీ మందుల మీద అప్పటికే అంచున నిలబడి ఉంటారు. ఎక్కువసేపు నిలిచే రూపాలు, నోటితో మింగే ఏపీజే ఉత్తేజకాలు తయారై తొలిదశ ప్రయోగాల దాకా వచ్చాయి. రోగులకు రాసే మందుగా మాత్రం ఏదీ అనుమతి పొందలేదు.

ఇంకో పాఠం కూడా గుర్తుంచుకోవాలి. బీఎన్‌పీని ప్రయోగశాలలో తయారుచేసి నెసిరిటైడ్ పేరుతో 2001లో అమెరికాలో మందుగా అనుమతించారు. ఆయాసం తగ్గుతుందని విరివిగా వాడారు. 2011లో 7,000 మందికి పైగా రోగులతో చేసిన పెద్ద ప్రయోగంలో చావులు తగ్గలేదు, మళ్లీ ఆస్పత్రిలో చేరడం తగ్గలేదు, బీపీ పడిపోవడం మాత్రం పెరిగింది. ఒంట్లో ఉన్నదే కదా, ఎక్కిస్తే మేలే కదా అన్న తర్కం ఎంత నమ్మకంగా వినిపించినా రోగుల మీద నిరూపణ కావాలి. సీసాల్లో అమ్మే పెప్టైడు ఎంత శుద్ధమైనదో, క్రిములు లేకుండా తయారైందో లేదో చెప్పే నాథుడు లేడు. దయచేసి దాని జోలికి పోకండి.

ప్రశ్న: అమ్మకు ఒకే వారంలో రెండు చోట్ల పరీక్ష చేయించాం. ఒకచోట 380, ఇంకోచోట 2,900. మూడు రోజుల్లో ఇంత పెరిగిందా? ఏ లేబు తప్పు?

జవాబు: రెండు కాగితాల మీదా పరీక్ష పేరు చూడండి. మొదటిది బీఎన్‌పీ, రెండోది ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అయ్యుంటుంది. అలాగైతే ఏ లేబూ తప్పు చేయలేదు, అమ్మకూ ఏమీ పెరగలేదు.

గుండె మొదట 108 అమైనో ఆమ్లాల ముడిసరుకు తయారుచేస్తుంది. అది రెండుగా తెగుతుంది. 32 ఉన్న ముక్క బీఎన్‌పీ, పని చేసేది అదే: ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపుతుంది, నాళాలను వదులు చేస్తుంది. 76 ఉన్న ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, దానికి పనేమీ లేదు. ఒక్కో ముడిసరుకు నుంచి రెండూ ఒక్కొక్కటే వస్తాయి. బీఎన్‌పీ దాదాపు 20 నిమిషాల్లో సగానికి సగం మాయమవుతుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ సగం అవడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. నిలవ ఎక్కువ ఉన్నది ఎక్కువ పోగవుతుంది. పైగా ముక్క పెద్దది, బరువెక్కువ. లేబు ఇచ్చేది బరువు లెక్క. అందుకే అంకెలు అంత దూరంగా కనిపిస్తాయి.

అణువుల లెక్కన చూస్తే తేడా ఎంతో తగ్గుతుంది. 380 పికోగ్రాముల బీఎన్‌పీని 0.289తో గుణిస్తే లీటరుకు సుమారు 110 పికోమోల్‌లు. 2,900 పికోగ్రాముల ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని 0.118తో గుణిస్తే సుమారు 342. ఎనిమిది రెట్లు అనిపించింది మూడు రెట్లకు దిగింది. అయినా ఒకదాని నుంచి రెండోదాన్ని లెక్కగట్టే సూత్రం నమ్మకండి. కిడ్నీని బట్టి, వయసును బట్టి, వాడే మందును బట్టి ఆ నిష్పత్తి మారిపోతుంది.

ఇకమీదట ఏదో ఒకటే పరీక్ష, వీలైనంతవరకు ఒకే లేబులో చేయించండి. యూనిట్ కూడా చూడండి: మిల్లీలీటరుకు పికోగ్రాములన్నా లీటరుకు నానోగ్రాములన్నా ఒకటే, అంకె మారదు. పికోమోల్ అని ఉంటే మాత్రం పాత కాగితంతో నేరుగా పోల్చకూడదు.

ప్రశ్న: చిన్న లేబులో టెక్నీషియన్‌ని. ఇళ్లకు వెళ్లి బీఎన్‌పీకి రక్తం తీసుకొస్తున్నాం. పెద్ద లేబుకు చేరేసరికి సాయంత్రం అవుతోంది. డాక్టర్లు ఫలితాలు రోగి పరిస్థితికి సరిపోవడం లేదంటున్నారు. ఎక్కడ పొరపాటు?

జవాబు: సాయంత్రం దాకా ఆగడమే పొరపాటు. అసలు బీఎన్‌పీ ట్యూబులో కూడా అరిగిపోతూనే ఉంటుంది. పొద్దున ఏడింటికి తీసిన రక్తాన్ని సాయంత్రం అయిదింటికి మెషీన్‌కు ఎక్కిస్తే వచ్చే అంకె రోగిది కాదు, మీ ప్రయాణానిది. తప్పుగా తక్కువ వస్తుంది. డాక్టరు ఆ తక్కువ అంకె చూసి గుండె బాగుందనుకుంటే జరిగే నష్టం చిన్నది కాదు.

బీఎన్‌పీకి ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే) ట్యూబు వాడాలి, అదీ ప్లాస్టిక్‌దే. గాజు గోడ తగిలితే రక్తంలోని కల్లిక్రీన్ అనే ఎంజైము మేల్కొని బీఎన్‌పీని కోసేస్తుంది. ఎర్ర మూత సీరం ట్యూబు దీనికి పనికిరాదు. ట్యూబును గీత దాకా నింపి, తీసిన వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయండి. ఊపేస్తే ఎర్రకణాలు పగులుతాయి, వాటిలోని ఎంజైములు బయటికొచ్చి బీఎన్‌పీని తింటాయి. ప్లాస్మా గులాబీ రంగుకు తిరిగి ఉంటే ఆ నమూనాను పారబోసి మళ్లీ తీయడమే మేలు. మామూలు గది వేడిలో నాలుగు గంటల లోపు పరీక్ష అయిపోవాలి. అది కుదరదంటే వెంటనే సెంట్రిఫ్యూజ్ చేసి ప్లాస్మాను వేరే ప్లాస్టిక్ గొట్టంలోకి తీసి గడ్డకట్టించి పంపాలి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

మీ పరిస్థితికి సరైన దారి వేరే ఉంది. ఇంటి నుంచి తెచ్చే నమూనాలన్నిటికీ బీఎన్‌పీ బదులు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రాయమని డాక్టర్లను అడగండి. అది సీరంలోనైనా ప్లాస్మాలోనైనా గది వేడిలో మూడు రోజుల దాకా పెద్దగా చెక్కుచెదరదు. మీ కిట్ కాగితంలో రాసిన గడువు మాత్రం చూసుకోండి, ఆఖరి మాట దానిదే.

రక్తం తీసేముందు ఒక ప్రశ్న తప్పక అడగండి: జుట్టుకు, గోళ్లకు బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? బయోటిన్-స్ట్రెప్టావిడిన్ పద్ధతిలో నడిచే కిట్లలో, మందు మోతాదులో మింగిన బయోటిన్ అడ్డుపడి ఈ పరీక్షను తప్పుగా తక్కువ చూపగలదు. రోజుకు 5 మిల్లీగ్రాములకు మించి వాడేవాళ్లకు చివరి మోతాదు నుంచి కనీసం 8 గంటలు గడిచాక రక్తం తీయడం మంచిది.

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని. హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో అపెలిన్ స్థాయి ఎలీసా (యాంటీబాడీలతో కొలిచే) కిట్‌తో కొలుస్తున్నాను. ఒక పత్రంలోని విలువలు నానోగ్రాముల్లో, ఇంకో దానిలో పికోగ్రాముల్లో ఉన్నాయి. నావి రెండింటికీ కుదరడం లేదు. నమూనా తీయడంలో లోపమా, కిట్‌లోనా?

జవాబు: రెండూ అనుమానించండి, ముందు నమూనాను.

కొన్ని నిమిషాల్లో కరిగిపోయే పెప్టైడును కొలుస్తున్నారు. సూది గుచ్చకముందే ట్యూబు చల్లగా ఉండాలి. ఐసులో పెట్టిన ఈడీటీఏ ట్యూబులో ఎంజైములను ఆపే అప్రోటినిన్‌ను మిల్లీలీటరు రక్తానికి సుమారు 500 కేఐయూ (అప్రోటినిన్ బలాన్ని కొలిచే యూనిట్లు) చొప్పున ముందే వేసి ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి. తీసిన ట్యూబు తిరిగి ఐసులోకే పోవాలి. 4 డిగ్రీల దగ్గర, 1,600 జి బలంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. ఇక్కడ చాలామంది జి (భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలం) అన్నచోట ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) చదువుకుంటారు. రోటర్ వ్యాసార్ధం సెంటీమీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎం వర్గంతో గుణించి, దాన్ని 0.00001118తో గుణిస్తే జి వస్తుంది. 15 సెంటీమీటర్ల రోటర్‌కు 3,000 ఆర్‌పీఎం అంటే సుమారు 1,500 జి. అదే వేగం 10 సెంటీమీటర్ల రోటర్‌లో వెయ్యి మాత్రమే, ప్లేట్‌లెట్లు ప్లాస్మాలోనే తేలుతుంటాయి. ప్లాస్మాను చిన్నచిన్న వంతులుగా పంచి మైనస్ 80లో పెట్టండి. ఒక్కో పరీక్షకు ఒక్కో గొట్టం అన్న లెక్కన పంచితే కరిగించి మళ్లీ గడ్డకట్టించే అవసరం రాదు.

అప్రోటినిన్ అన్ని ఎంజైములనూ ఆపదు. ఏసీఈ2, నెప్రిలైసిన్ లోహం ఆధారంగా పనిచేసేవి, వాటిని కొంతవరకు ఈడీటీఏయే అడ్డుకుంటుంది. అందుకే హెపారిన్ ట్యూబులో తీసిన నమూనాలను ఈడీటీఏ నమూనాలతో ఒకే పట్టికలో కలపకండి.

ఇక కిట్. చాలా కిట్లలోని యాంటీబాడీ అపెలిన్ చివరి భాగాన్ని పట్టుకుంటుంది. ఆ చివర 36, 17, 13 అన్నిటికీ ఒకటే, కాబట్టి అన్నీ కలిపి ఒకే అంకెగా వస్తాయి. కానీ ప్రమాణ ద్రావణం ఏ ముక్కతో చేశారన్నది కిట్‌ను బట్టి మారుతుంది. అపెలిన్-13 అణుభారం సుమారు 1,550, అపెలిన్-36ది సుమారు 4,200. మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అంటే మొదటి లెక్కన లీటరుకు 645 పికోమోల్‌లు, రెండో లెక్కన 238. అదే రక్తం, రెండున్నర రెట్ల పైచిలుకు తేడా. దీనికితోడు ఏసీఈ2 చివరి ఫినైల్‌అలనిన్‌ను కత్తిరించిన ముక్కను కొన్ని యాంటీబాడీలు లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ప్లాస్మాను నేరుగా పోశారా, పెప్టైడులను పట్టి వేరుచేసే సీ18 కాలమ్‌లో శుద్ధిచేసి పోశారా అన్నది మరో పెద్ద తేడా. నేరుగా పోస్తే ప్లాస్మాలోని ఇతర ప్రోటీన్లు అడ్డం వచ్చి అంకెను ఉబ్బించవచ్చు.

ఇది పట్టుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. ఒక నమూనాను అలాగే, సగానికి పలుచన చేసి, పావుకు పలుచన చేసి మూడుసార్లు కొలవండి. పలుచనతో గుణించి చూస్తే మూడూ దగ్గరదగ్గర రావాలి. రాకపోతే మీరు కొలుస్తున్నది అపెలిన్ ఒక్కటే కాదు. అలాగే తెలిసిన మోతాదు అపెలిన్‌ను ప్లాస్మాలో కలిపి, ఎంత తిరిగి దొరికిందో చూడండి. 80 నుంచి 120 శాతం మధ్య ఉంటే ముందుకు సాగవచ్చు. ఈ రెండూ చేయకుండా రోగుల నమూనాల మీద ప్లేట్లు ఖర్చుపెట్టకండి. రోగులనూ ఆరోగ్యవంతులనూ వేర్వేరు ప్లేట్లలో కాకుండా ప్రతి ప్లేటులోనూ కలిపి పెట్టండి. లేకుంటే ప్లేట్ల తేడాయే జబ్బు తేడాలా కనిపిస్తుంది. వయసుతోపాటు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు సూచిక), ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందో లేదో, వాడుతున్న మందులు కూడా రాసిపెట్టుకోండి. ముఖ్యంగా సాక్యుబిట్రిల్ వాడేవాళ్లను విడిగా చూడాలి, కారణం తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: మా వారికి పాత మాత్ర మాన్పించి సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ మొదలుపెట్టారు. ఆయాసం తగ్గింది, నడక మెరుగైంది. కానీ బీఎన్‌పీ 350 నుంచి 520కి పెరిగింది. మందు పడలేదా?

జవాబు: పడింది. పెరగడానికి కారణం ఆ మందు చేసే పనే. బీఎన్‌పీని విరగ్గొట్టే ఎంజైముల్లో నెప్రిలైసిన్ ఒకటి. సాక్యుబిట్రిల్ దాన్ని ఆపుతుంది. విరిగేది తగ్గితే మిగిలేది పెరుగుతుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ జోలికి నెప్రిలైసిన్ పోదు కాబట్టి దాని అంకె గుండె పరిస్థితినే చెబుతుంది. 2014లో వెలువడిన పెద్ద ప్రయోగంలో ఈ మందు వాడినవాళ్లలో బీఎన్‌పీ పెరిగింది, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ తగ్గింది, చావులూ ఆస్పత్రిలో చేరడాలూ తగ్గాయి. కాబట్టి ఇకమీదట మీ వారికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీయే చేయించండి. ఇదే నెప్రిలైసిన్ అపెలిన్‌నూ కోస్తుంది కాబట్టి ఈ మందు మీద ఉన్నవాళ్లలో అపెలిన్ కొలతలనూ మామూలు లెక్కలో చూడకూడదు.

పాత మాత్ర పేరు చివర 'ప్రిల్' అని ఉందా చూడండి, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి. దాని చివరి మోతాదుకూ కొత్త మందు మొదటి మోతాదుకూ మధ్య 36 గంటలు గడవాలి. రెండూ కలిస్తే నాలుక, గొంతు వాచి ఊపిరి అందని పరిస్థితి రావచ్చు. ఇంట్లో పాత డబ్బా మిగిలి ఉంటే తీసేయండి. కొత్తది అయిపోయిందని పాతది మింగడం చాలా ప్రమాదం.

ప్రశ్న: అక్కకు 58 ఏళ్లు, బీఎంఐ 37. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు, సాయంత్రానికి కాళ్ల వాపు. బీఎన్‌పీ 70 వచ్చింది. 100 లోపే కాబట్టి గుండె జబ్బు కాదన్నారు.

జవాబు: ఆ ఒక్క అంకెతో కాదనడం తొందరపాటు. 100 లోపుంటే గుండె కారణం కాకపోవచ్చు అన్న హద్దు, ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల కోసం పెట్టింది. నెమ్మదిగా మొదలైన లక్షణాలతో మామూలు ఓపీకి వచ్చేవాళ్లకు హద్దు బీఎన్‌పీ 35, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 125. అంతకు మించితే ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష) చేయాలి. అక్కది 70, ఆ హద్దుకు రెట్టింపు.

పైగా లావుగా ఉన్నవాళ్లలో ఈ పెప్టైడు తక్కువగానే ఉంటుంది. బీఎంఐ 35 దాటినవాళ్లకు ఎమర్జెన్సీ హద్దును కూడా సగానికి, 50 దరిదాపులకు దించి చూడాలి. పంపింగ్ శాతం మామూలుగానే ఉండి గుండె గట్టిపడి సరిగా నిండని రకం హార్ట్ ఫెయిల్యూర్‌లోనూ అంకె అంతగా పెరగదు. లావు, బీపీ, షుగరు ఉన్న ఈ వయసు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఆ రకమే. ఎకో చేయించండి. 'పంపింగ్ 60 శాతం, నార్మల్' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకుండా, ఎడమ కర్ణిక పరిమాణం, గుండె నిండే తీరు, ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి కూడా రాయమని అడగండి.

ప్రశ్న: నాన్నకు క్రియాటినిన్ ఎక్కువ, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఎప్పుడూ వేలల్లోనే. ఆ పరీక్షకు ఇంకా అర్థముందా?

జవాబు: ఉంది, కానీ ఆయన్ని ఆయనతోనే పోల్చాలి. కిడ్నీ వడపోత (రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని ఉండే అంకె) 60 కంటే తగ్గినవాళ్లలో గుండె కారణమనడానికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ హద్దును 1,200 దాకా, బీఎన్‌పీ హద్దును 200 దాకా పెంచి చూస్తారు. మామూలుగా అయితే ఎమర్జెన్సీలో 300 లోపుంటే గుండె కాదంటారు, 50 ఏళ్ల లోపు 450, 50 నుంచి 75 వరకు 900, ఆ పైన 1,800 దాటితే గుండెదే అంటారు. వయసుతోనే పెరిగే అంకె కాబట్టి ఈ మెట్లు. నాన్న ఒళ్లు తేలిగ్గా, నీరు లేకుండా ఉన్న రోజున వచ్చిన అంకెను ఆయన సొంత హద్దుగా డాక్టరు గారి ఫైలులో పెద్దక్షరాలతో రాయించండి. డయాలిసిస్ ఉంటే ప్రతిసారీ డయాలిసిస్‌కు ముందే తీయించండి.

ప్రశ్న: స్థిరంగా ఉన్న రోగికి ఈ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలి? పోయిననెల 1,500, ఇప్పుడు 1,800. భయంగా ఉంది.

జవాబు: ఈ పెరుగుదల 20 శాతం. ఒంట్లో మార్పేమీ లేకపోయినా వారం వారానికీ ఆ మాత్రం ఊగుతుంది. లక్షణాలు మారకపోతే మూడోవంతు దాకా మార్పును చూసి మందులు మార్చక్కర్లేదు. రెట్టింపైతే వెతకాలి: మాత్రలు మానేశారా, ఉప్పు ఎక్కువైందా, గుండె లయ తప్పిందా, నొప్పి మాత్రలు వాడుతున్నారా, జ్వరమా. బీటా బ్లాకర్ మొదలుపెట్టిన కొత్తలో కొంత పెరిగి తర్వాత దిగడమూ ఉంది. ఆస్పత్రిలో చేరి నీరు తీయించుకున్నవాళ్లకు మాత్రం చేరిననాటికీ ఇంటికెళ్లేనాటికీ 30 శాతానికి పైగా తగ్గిందా లేదా అన్నది గట్టి ఆనవాలు. తగ్గకుండా ఇంటికి వెళ్లినవాళ్లను త్వరగా మళ్లీ పిలిచి చూడాలి.

నెలనెలా చేయించడం వల్ల ప్రత్యేక లాభం తేలలేదు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని 1,000 లోపుకు దించడమే లక్ష్యంగా పెట్టుకుని వైద్యం చేసిన ఒక పెద్ద ప్రయోగాన్ని, మామూలు వైద్యం కంటే మేలు కనపడక మధ్యలోనే ఆపేశారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. మందు మార్చినప్పుడు, లక్షణాలు మారినప్పుడు చేయిస్తే చాలు.

రోజూ చూడాల్సింది బరువు. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద, ఒకే రకం పలుచని బట్టలతో చూసి గోడమీది కాలెండరులో ఆ తేదీ పక్కన రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాలి ఎముక మీద బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి తీస్తే గుంట నిలుస్తోందా, నిన్న ఒక దిండు చాలినవాళ్లకు ఇవాళ రెండు కావాల్సి వస్తోందా, ఇవీ చూడండి. ఇవి కనిపించిన రోజు రక్తపరీక్ష కోసం ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. నీళ్ల మాత్ర ఎంత పెంచాలో ముందే రాసిచ్చి ఉంటే ఆ ప్రకారం వేసుకోండి. కూర్చున్నా ఊపిరి ఆడకపోయినా, పెదవులు నీలంగా మారినా, గులాబీ రంగు నురగ పడినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. అలా ఉన్నట్టుండి ఊపిరితిత్తుల్లో నీరు నిండిన మొదటి గంటా రెండు గంటల్లో బీఎన్‌పీ ఇంకా పెరిగి ఉండకపోవచ్చు కూడా.